పొగ లేని నీళ్ళు

మా మేనత్త ఈ మాఘమాసంలో చనిపోయింది. కబురు తెచ్చిన మనిషి మా గుమ్మం ముందు సైకిలు దిగాడు. ఒక్క మాటా మాట్లాడకుండా సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి, మెట్టు మీద బోర్లించి, పక్కకు జరిగి నిలబడ్డాడు. మూసీకి అవతల మేముండే వీధిలో ఆ బోర్లించిన చెంబుకు అర్థం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నాకు తెలుసు. అమీర్‌పేటలో మా పుట్టింటి మెట్టు మీద వీధివాళ్ళు పన్నెండేళ్ళుగా అలాగే చెంబో బిందో బోర్లించి నిలబడుతున్నారు. ఎప్పుడూ వేరేవాళ్ళు మా ఇంటికి తేవడమే గానీ, మా ఇంటి నుంచి అది బయలుదేరడం ఇదే మొదలు.

"ఎప్పుడు పోయింది?" అని నేను అడగలేదు. "నిన్న మా అత్త చన్నీళ్ళు పోసుకున్నదా?" అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "గదంత నాకెట్ల తెలుస్తదమ్మా? చెంబు బోర్లిచ్చి రా, బిడ్డకు తెలుస్తది అన్నడు మీ బాపు. గంతే" అన్నాడు.

నా ప్రశ్న మీకూ వింతగానే ఉంటుంది. చావు కబురు చెప్పిన మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? అడగాల్సి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే మా అత్త మిద్దె మీద పెట్టిన పెట్టె దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది నేతవాళ్ళ కుటుంబం. బాపు మగ్గం వదిలేసి, కుట్టుమిషను పట్టుకుని అమీర్‌పేటకు వచ్చాడు. బాపు వాళ్ళ అక్కే మా మేనత్త. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే, పిల్లలు లేని మనిషి, తమ్ముడి ఇంటికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్నది ఒక్క విద్య, నూలుకు రంగులు వేయడం. వేసీ వేసీ ఆమె చేతులు మోచేతుల దాకా ముదురు నీలంగా మారిపోయాయి. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. చిన్నప్పుడు నేను ఆ చేతులు చూసి భయపడితే, "గిది రంగు బిడ్డా, రోగం కాదు" అని నా బుగ్గలకు గట్టిగా రుద్దేది. నా బుగ్గలకు కొంచెమైనా అంటేది కాదు. నాకు ఇంకా భయం వేసేది.

నాయనమ్మకు కీళ్ళు పట్టేసే జబ్బు ఉండేది. చేతివేళ్ళు కొక్కేల్లా వంగిపోయాయి. రోజూ వేణ్ణీళ్ళు పడితే తప్ప లేవలేకపోయేది. వేణ్ణీళ్ళంటే కట్టెలు, కట్టెలంటే పొగ. ఆ పొగకు మళ్ళీ నాయనమ్మకు దగ్గు. ఈ గొలుసు ఎక్కడ తెగుతుందా అని అత్త రోజంతా ఆలోచించేదట.

తెగింది నూలు ఆరేసే తీగ దగ్గర. ఎండలో ఆరిన నూలు కట్టలు, చిలపలంటాం, తీసేటప్పుడు తెల్లవి చల్లగా చేతికొస్తాయి. నల్లవి పట్టుకుంటే చురుక్కుమంటుంది. రంగుపని చేసేవాళ్ళందరికీ ఇది తెలిసిందే. తెలిసి ఏం చేశారు? చెయ్యి దులుపుకుని ఇంకో చిలప తీశారు. మా అత్త మాత్రం ఆ నల్ల చిలపను చేతుల్లో పెట్టుకుని చాలాసేపు నిలబడింది. "నలుపు దాసుకుంటది బిడ్డా, తెలుపు ఇచ్చేస్తది" అని ఆ తర్వాత నాతో చాలాసార్లు అంది. నూలు గురించి అంటోందో, మనుషుల గురించి అంటోందో ఒక్కోసారి నాకు తెలిసేది కాదు.

రేకుల పని చేసే ఆయనతో ఇనపరేకు తొట్టి ఒకటి చేయించింది. చాపంత వెడల్పు, జానెడు లోతు, పైన కూడా రేకు మూత, అడుగున బిరడా. దాన్ని కొయ్యపెట్టెలో దింపి, చుట్టూ, కిందా వరి ఊక కూరింది. ఎర్రమంజిల్ గుట్ట మీద ఒక పెద్దింట్లో కిటికీలు మారుస్తుంటే పాత అద్దాలు అడిగి తెచ్చి పెట్టె మీద పరిచింది. ఇక రంగు. రంగు వేయడం ఆమెకు ఎవరు నేర్పాలి? కరక్కాయ, అన్నభేది కలిపి చిక్కటి నలుపు కాచి, నూలుకు పట్టించినట్టే లోపలా బయటా రెండుసార్లు పట్టించి, నూలును ఆరబెట్టినట్టే నీడన ఆరబెట్టి, మిద్దె మీద ఎండలో పెట్టి నీళ్ళు నింపింది.

మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మకు పోసిన మొదటి చెంబు సిరాలాగా దిగింది. నాయనమ్మ నెత్తి మీంచి, ముడతల్లోంచి నల్లటి చారలు కారుతుంటే, ఆమె వంకర వేళ్ళతో మొహం తుడుచుకుని, "ఓసి నీ ఇల్లు సల్లగుండ, నన్ను సుత రంగుల ముంచినవా?" అని అరిచింది. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. అత్త మాత్రం నవ్వలేదు. తడి రేకును వేలితో గీకి చూసి, "ఇనుము నూలు గాదు గద, తాగదు" అంది. తొట్టి లోపలంతా తోమించి, బయట మాత్రం దీపం మసిని అవిసెనూనెలో కలిపి పూసింది. ఆ నలుపు నిలిచింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో నిప్పు లేకుండా నీళ్ళు కాగేవి. చెయ్యి పెడితే తీసేయాల్సినంత వేడి. ఇప్పుడు చెబితే ముచ్చటగా ఉంది గానీ అప్పుడు ఎవరికీ ముచ్చటగా లేదు. వేణ్ణీళ్ళంటే పొగ వాసన ఉండాలి. మనందరికీ పుట్టిన నాటి నుంచీ అదే కదా అలవాటు. ఈ నీళ్ళకు ఏ వాసనా లేదు. పొరుగువాళ్ళు వచ్చి వేలు ముంచి చూసి, ఆ వేలును చీర కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. "ఎవ్వరు ముట్టకుంటనే కాగినయంటే నాకు జర గుబులైతది" అనేది నాయనమ్మ కూడా, ఆ నీళ్ళతోనే కీళ్ళు సాగదీసుకుంటూ.

అత్త ఒకే ఒక నియమం పెట్టింది. "తీసినంత పొయ్యాలె." తొట్టి ఎండిపోతే రేకు వేడెక్కి అద్దం పగులుతుంది. ఎవరు చెంబు నీళ్ళు తీసినా, వెంటనే చెంబు బావినీళ్ళు పోసి దిగాలి.

నాకు పదకొండేళ్ళప్పుడు, శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టి, అయిదో రోజు కళ్ళు చెదిరే ఎండ కాసింది. నాలుగు రోజులు వేణ్ణీళ్ళు లేని నాయనమ్మ పొద్దున్నుంచే పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. "కాగినయా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. అత్త బిందె నింపుకుని మెట్లు దిగేసరికి ఆమె ప్రాణం పోయింది.

వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, శవస్నానానికి నీళ్ళు కాచాలి. కట్టెలన్నీ నాని ఉన్నాయి. గంటసేపు ఊదినా పొగే తప్ప మంట లేదు. పెద్దవాళ్ళు పొద్దు చూసుకుంటున్నారు. అప్పుడు అత్త ఎవరినీ అడగకుండా పెరట్లో దించిన బిందెను ఎత్తుకొచ్చి అరుగు దగ్గర పెట్టింది. నాయనమ్మ కోసం కాగిన నీళ్ళు నాయనమ్మకే పోశారు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను. రెండు చెంబులు పడ్డాయి. మూడో చెంబుకు, ఎన్నో ఏళ్ళుగా కొక్కేల్లా వంగి ఉన్న ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. అరచేయి పూర్తిగా తెరుచుకుంది. అక్కడున్న ఆడవాళ్ళెవరూ ఏడవలేదు, కదల్లేదు. పంజాగుట్ట బండల్లో ఉన్న శ్మశానం దాకా మోసినవాళ్ళు తిరిగొచ్చాక, మనిషి ఇంకా వెచ్చగానే ఉందని మెల్లగా చెప్పుకున్నారు. వాళ్ళు ఇంకొకటి కూడా చెప్పారు. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. వాళ్ళు చూడలేదు. కానీ సాయంత్రపు ఎండకు అమీర్‌పేట వైపు మా మిద్దె మీది అద్దం, రెండో సూర్యుడు దిగినట్టు, ఎదురుగా మండుతూ కనిపించిందట. వెనక్కి చూడొద్దంటే చూడం, ముందు కనిపించేదాన్ని ఏం చేస్తాం అన్నాడు బాపు.

నెల తిరక్కుండా మూడిళ్ళ అవతల ఒక ముసలాయన పోయాడు. ఆయన కోడలు బిందె పట్టుకుని మా మెట్టు దాకా వచ్చింది. నోరు విడిచి అడగలేక, బిందెను బోర్లించి దాని పక్కన నిలబడింది. అత్తకు అర్థమైంది. ఆ తర్వాత వీధిలో ఏ ఇంట ఎవరు పోయినా ఇదే వాడుక అయింది. చెప్పడం లేదు, అడగడం లేదు. బోర్లించిన బిందె ఉంటే అత్త పైకెళ్ళి నింపుకొచ్చేది. ఆ నీళ్ళు పోస్తే బిగుసుకున్న మనిషి సులువవుతాడని, సుఖంగా వెళ్తాడని అందరూ నమ్మారు.

అలా నమ్మాక బతికున్నవాళ్ళు ఎవరు పోసుకుంటారు? బాపు తనకు బావినీళ్ళే హాయి అన్నాడు. అమ్మ చలికాలంలో కూడా ఆ తొట్టి వైపు చూసేది కాదు. నేను? నేనూ అంతే. బడి నుంచి వచ్చాక ఆ నీళ్ళ బిందెకు దూరంగా నడిచేదాన్ని. ఆ ఊళ్ళో ఆ నీళ్ళు పోసుకునే బతికున్న మనిషి మా అత్త ఒక్కతే. "నేను బతికే ఉన్న గద" అనేది. వీధివాళ్ళు మాత్రం ఆమెను సగం అవతలి మనిషిలాగా చూడటం మొదలుపెట్టారు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్ళు. బిందె బోర్లించాల్సిన రోజున మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇక చన్నీళ్ళ సంగతి. అత్త రోజూ మధ్యాహ్నం ఆ వేణ్ణీళ్ళు పోసుకునేది కదా. కొన్ని రోజులు మాత్రం పోసుకునేది కాదు. బావి దగ్గర చన్నీళ్ళు గుమ్మరించుకుని, వణుకుతూ లోపలికి వచ్చేది. అలా వచ్చిన మర్నాడు మా మెట్టు మీద బిందె ఉండేది. మొదట్లో నేను గమనించలేదు. గమనించాక, ఆమె తల తుడుచుకుంటుంటే ఒళ్ళు వణుకుతోందా లేదా అని చూడకుండా ఉండలేకపోయాను.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. ఆమె నవ్వింది. "మంత్రం లేదు, మాయ లేదు. పొద్దుగాల్ల మిద్దెక్కి చూస్త. ఏ ఇంట్ల పొగ లేస్తలేదో గా ఇంట్ల మనిషికి బాగలేదన్నట్టు. పాపం, రేపు కావాలెనేమో అని నా నీళ్ళు ఆపుకుంట" అంది. నాకు ఎంత నిమ్మళమైందో. ఇంత తేలిక విషయానికి ఇన్నాళ్ళు వణికానా అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను.

రెండు నెలల తర్వాత అత్త మళ్ళీ చన్నీళ్ళు పోసుకుంది. ఆ పొద్దున నేనూ మిద్దె మీదే ఉన్నాను. వీధిలో ప్రతి ఇంటి మీదా పొగ లేస్తోంది. నేను ఒక్కొక్క ఇల్లూ లెక్కపెట్టాను. మర్నాడు మధ్యాహ్నం చెరువు కట్ట మీద నడుస్తూ నడుస్తూ పడిపోయిన పాతికేళ్ళ వడ్రంగి కోసం వాళ్ళ అన్న బిందె బోర్లించాడు. నేను అత్త మొహం చూశాను. ఆమె మొహంలో నాకన్నా ఎక్కువ భయం ఉంది. "తెల్వది బిడ్డా. చెంబు చేతిల పట్టుకున్న. పోసుకోబుద్ధి కాలే" అంది. మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు పెళ్ళై అత్తవారింటికి వెళ్ళే రోజున ఆమె నన్ను మిద్దె మీదకు తీసుకెళ్ళింది. అద్దం మీది దుమ్ము చీర కొంగుతో తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "నేను గిది సావుల కోసం పెట్టలే. మా అమ్మ బతుకుడు కోసం పెట్టిన. ఒక్కలన్న, బతికున్నోళ్ళు ఒక్కలన్న పోసుకుంటే నాకు సాలు." మీకు ఇప్పుడే చెబుతున్నాను, ఆమె జీవితంలో కోరిన కోరిక నాకు తెలిసి ఇదొక్కటే. నేను తల ఊపాను. నీళ్ళు మాత్రం ముట్టుకోలేదు.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను. యుద్ధం రోజులు. కట్టెలు దొరకడం కష్టం, దొరికినవి పచ్చివి. కార్తీకంలో ఒక తెల్లవారుజామున పాప పుట్టింది. పురుడు పోసింది మా వీధి చివర ఉండే నర్సమ్మ, మిషన్ ఆస్పత్రిలో పనిచేసే కిరస్తానీ ఆమె. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం పాపకు స్నానం అన్నారు. పెరట్లో పొయ్యి మళ్ళీ పొగే గానీ మంట కాదు. అమ్మ కళ్ళు ఎర్రబడేదాకా ఊదుతోంది. అప్పుడు అత్త బిందెతో వచ్చి, గది గడప అవతల నిలబడింది. లోపలికి రాలేదు. విధవరాలినని ఆమె గడప దాటదు, దాటమని మేమూ అనం.

"నీళ్ళు మంచిగ కాగినయి" అంది.

అమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "వద్దు వదినె. నీకు దండం పెడత. పసిగుడ్డు" అంది.

నర్సమ్మకు చిరాకేసింది. "ఏంటండీ మీ గొడవ? పిల్ల ఒళ్ళు చల్లబడుతోంది. శుభ్రమైన వేణ్ణీళ్ళు గుమ్మంలోకి వస్తే వద్దంటారేంటి? నీళ్ళు నీళ్ళేగా!" అంది. అని నా వైపు తిరిగింది. "తల్లివి నువ్వు. నువ్వు చెప్పమ్మా."

అందరూ నా వైపు చూశారు. అత్త కూడా చూసింది. ఆ బిందెలోంచి ఆవిరి లేచి ఆమె గడ్డానికి తగులుతోంది. నేను చదువుకున్నదాన్ని. ఆ నీళ్ళు ఎలా కాగుతాయో ఆ ఊళ్ళో అత్త తర్వాత నాకే తెలుసు. ఊక కూరేటప్పుడు పక్కన కూర్చుని అందించింది నేనే. నా నోట్లోంచి వచ్చిన మాట, "వద్దత్తా."

"మంచిది తియ్యి, ఫికర్ చెయ్యకు" అంది ఆమె. బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగింది. నీళ్ళు పెరట్లో పారబోస్తుందనుకున్నాను. లేదు. నిండు బిందెతో ఒక్కొక్క మెట్టూ ఎక్కి, పైన తొట్టిలో తిరిగి పోసింది. మంచంలో పడుకుని ఆ చప్పుడు మొత్తం విన్నాను. పాపకు చివరికి గోరువెచ్చటి పొగ నీళ్ళే పోశారు. ఏమీ కాలేదు, పిల్ల బాగానే పెరిగింది. నేను మాత్రం అత్తకు క్షమించమని చెప్పలేదు. వచ్చినప్పుడల్లా రేపు చెబుదామనుకునేదాన్ని.

ఆమె నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా పాపను చూడటానికి గడప దగ్గరే కూర్చునేది. ఒకసారి పాప ఆమె చేతులు చూసి ఏడిస్తే, "గిది రంగు బిడ్డా, రోగం కాదు" అని బుగ్గలకు రుద్దబోయి, నా వైపు చూసి ఆగిపోయింది. "రుద్దత్తా" అన్నాను. అప్పుడు రుద్దింది. అంతవరకే నేను చేయగలిగాను.

ఈ మాఘంలో నేను పాపను తీసుకుని అమీర్‌పేట చేరేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. అమ్మ నన్ను చూడగానే ఏడవలేదు. చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నిన్న చన్నీళ్ళు పోసుకున్నది బిడ్డా. గింత చలిల. ఎందుకు వదినె అంటే, 'ఉండనియ్యి, రేపటికి కావాలె' అన్నది. నేను ఎవలో పోతరనుకున్న. రాత్రి బువ్వ తిన్నది, పన్నది. గంతే" అంది. చెబుతూ చెబుతూ అమ్మ నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది.

మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు తీసింది నేనే. పోసింది నేనూ అమ్మా. నాయనమ్మ వేళ్ళు నాకు గుర్తున్నాయి కాబట్టి నేను అత్త మొహం వైపే చూస్తూ పోశాను, చేతుల వైపు చూడలేదు. అమ్మ "అయ్యో" అంది. చూశాను. అరుగు మీంచి నీలం నీళ్ళు కారుతున్నాయి. నలభై ఏళ్ళు కుంకుడుకాయకు పోని రంగు, ఇటుకపొడికి పోని రంగు, అంత తేలిగ్గా దిగి కాలువలోకి పోయింది. ఆమె చేతులు మిగిలిన ఒంటి రంగులోకి వచ్చాయి. ఆ చేతుల్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎవరివో చేతులు అనిపించాయి. అంతా అయ్యాక నేను పైకి వెళ్ళి, తీసినంత పోసి దిగాను.

సాయంత్రం బాపు పంజాగుట్ట నుంచి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కోకుండా చాలాసేపు వాకిట్లో నిలబడ్డాడు. "ఇయ్యాల అద్దం మస్తు మెరిసింది. బండల కాడి నుంచి ఇంటి దాకా నా మొకం మీదికెల్లి పోలే" అన్నాడు. ఏడుస్తున్నాడో, ఎండకు కళ్ళు కారుతున్నాయో నేను అడగలేదు.

పదకొండో రోజు కర్మ కాగానే పెట్టె ఊడదీసేద్దామన్నారు. చూసుకునే మనిషి పోయింది, ఇక ఎందుకన్నాడు బాపు. "ఆమెతోనే పోనియ్యి" అంది అమ్మ. రేకుల పని ఆయనను మర్నాడు పొద్దున రమ్మని కబురు చేశారు. ఆపమనడానికి నాకేం హక్కు ఉందని? అడిగిన రోజున వద్దన్నదాన్ని.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోతోంది. పాప చెయ్యి పట్టుకుని మిద్దె ఎక్కాను. వీధి నిర్మానుష్యంగా ఉంది. ఎండ తప్ప ఏమీ లేదు. పెట్టె పక్కకు వెళ్తుంటే, అద్దం కింద నల్లరేకు మీద మా ఇద్దరి నీడలు కదిలాయి. ఒక్క క్షణం అవి ముగ్గురివిగా కనిపిస్తే పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తీగ మీద అత్త తెల్లచీర ఇంకా ఆరేసి ఉంది, అదే.

బిరడా లాగాను. బిందె నిండింది. చీరతోనే పక్కనున్న రాయి మీద కూర్చుని ముందు నా భుజం మీద ఒక చెంబు పోసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఏదో జరుగుతుందనుకున్నాను. పదకొండేళ్ళప్పటి నుంచి ఆ ఏదో కోసమే భయపడుతున్నాను. ఏమీ జరగలేదు. వెచ్చగా ఉంది, అంతే. అంత వెచ్చదనాన్ని, పన్నెండేళ్ళు, రోజూ, ఒక మనిషి మా కోసం సిద్ధంగా పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

పాప నా మోకాళ్ళ మధ్య నిలబడింది. ఒక చెంబు పోశాను. "అమ్మా, పొగ వాసన లేదేంది?" అంది. "గిది నీలం చేతుల నానమ్మ నీళ్ళు బిడ్డా, పొగ ఉండది" అన్నాను. "ఇంకొంచెం" అంది పాప. పోశాను. ఎదురు మిద్దె మీద వడియాలు చూసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చూడనీ అనుకున్నాను.

మెట్ల మీద చప్పుడైంది. అమ్మ. ఈ మధ్య అమ్మకు కూడా మోకాళ్ళు పట్టేస్తున్నాయి. గోడ పట్టుకుని ఎక్కి వచ్చి, తడిసిన పాపను, నన్ను, ఖాళీ చెంబును చూసింది. తిడుతుందనుకున్నాను. అమ్మ మెల్లగా వచ్చి రాయి మీద నా పక్కన కూలబడింది. చీర మోకాళ్ళ దాకా లాక్కుంది.

"నాకు సుత జర పొయ్యి" అంది.

పోశాను. అమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే, "ఎన్నిసార్లు అడిగిందో తెల్సా నన్ను, 'నీ మోకాళ్ళకు మంచిగుంటది, పోసుకో' అని. ఒక్కనాడన్న సరే అనకపోతిని" అంది. ఇంకో చెంబు పోశాను. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. పాప మాత్రం తీగ మీది అత్త చీర చివర పట్టుకుని దాంతో మొహం తుడుచుకుంటోంది.

దిగేముందు తీసినంత పోశాను. మర్నాడు పొద్దున రేకుల ఆయన సుత్తి, కత్తెర పట్టుకుని వస్తే, అమ్మే ఎదురెళ్ళి, ఒక మూల చెమ్మ కారుతోంది అతుకు వేసి పొమ్మంది.

అమ్మ మోకాళ్ళ కోసం నేను ఇంకో నెల ఇక్కడే ఉండిపోయాను. ఇది కూడా ఆ మిద్దె మీద కూర్చునే రాస్తున్నాను. అమ్మ రోజూ ఆ నీళ్ళే పోసుకుంటోంది. నేనూ అంతే. చన్నీళ్ళు పోసుకోవాలని నాకు ఇంతవరకు అనిపించలేదు. అనిపించకూడదని రోజూ చెంబు పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగుతాను.

పదిహేను రోజుల కింద ఒక మధ్యాహ్నం తలుపు తీసేసరికి మెట్టు మీద చిన్న రాగిబిందె ఉంది. వీధిలో ఎవరా అని చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ బిందె వైపు చూశాను. అది బోర్లించి లేదు, మూతి పైకి పెట్టి నిలబెట్టి ఉంది. పన్నెండేళ్ళలో మా మెట్టు మీద ఎవరూ బిందెను అలా పెట్టలేదు. పైకెళ్ళి నింపి తెచ్చి అక్కడే పెట్టి, తలుపు వేసుకున్నాను. అడుగుల చప్పుడు వినిపించలేదు. మళ్ళీ తీసేసరికి బిందె లేదు. మర్నాడు మధ్యాహ్నం అదే బిందె, ఖాళీగా, అలాగే నిలబడి ఉంది.

రోజూ ఇదే. ఎవరిదో తెలియదు. నర్సమ్మను అడిగితే వీధిలో ఎవరింట్లో ఏముందో చెప్పేస్తుంది. అడగలేదు. అందరి ముందూ సరే అనలేక వద్దన్నదాన్ని నేను, ఆ బిందె మనిషి చాటుగానైనా సరే అంటోంది. తలుపు సందులోంచి తొంగి చూడను. ఈరోజు నింపడానికి ఎత్తినప్పుడు మాత్రం, బిందె మూతి అంచున ఇంకా తడి ఆరని శనగపిండి అంటుకుని ఉంది. పసిపిల్లలకు నలుగు పెట్టే పిండి. అందులో ఒక వేలి గుర్తు, చిటికెన వేలికన్నా చిన్నది.